నేను ఫార్వర్డ్ చేసిన సగం నిజం



ఈ నెల రాస్తానని ఒప్పుకున్నప్పుడు నా మనసులో వేరే అంశం ఉంది. ఆఫీసు పని, పిల్లలు, ఆదివారం వీటి మధ్య సమయాన్ని ఎలా పంచుకోవాలి, అలాంటిది. దాని బదులు టీలో వేసుకునే తీపి గురించి రాస్తున్నాను. ఆ తీపి విషయంలో నేనొక తప్పు చేశాను. మా ఫెలోషిప్ గ్రూపులో అందరి ముందు చేశాను కాబట్టి అందరి ముందే చెప్పడం న్యాయం.

2023 మే 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మార్గదర్శకం విడుదల చేసింది. బరువు తగ్గడానికి ఆస్పర్టేమ్, సుక్రలోజ్, శాకరిన్, స్టీవియా లాంటి చక్కెర లేని స్వీటెనర్లు వాడవద్దని అందులో సూచించింది. నేను ఆ వార్త హెడ్డింగ్‌ను ఆఫీసులో, మైక్రోవేవ్ ముందు డబ్బా పట్టుకుని నిలబడి చూశాను. లోపలికి వెళ్లి చదవలేదు. కాఫీ మెషీన్ పక్కన పెట్టే ఆ రంగురంగుల చిన్న ప్యాకెట్ల మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. అందుకే హెడ్డింగ్ చూడగానే "నేను అనుకున్నదే" అనిపించింది. లింకు కింద తెలుగులో రెండు ముక్కలు టైపు చేశాను: షుగర్ ఫ్రీ పొడులు మానేయమని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది, సహజమైనవి వాడండి. మైక్రోవేవ్ ఆగేలోపు మెసేజ్ వెళ్లిపోయింది. సాయంత్రానికి ఇరవై మందికి పైగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కొందరు వేరే గ్రూపులకు కూడా పంపామని చెప్పారు. సంతోషించాను కూడా.

"సహజమైనవి వాడండి" అన్న రెండో ముక్క ఎవరూ చెప్పలేదు. అది నా సొంతం.

మా సంఘంలో ఒక ఆంటీ ఉన్నారు. అనకాపల్లి దగ్గర పల్లె ఆవిడది. అంకుల్ పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. రోజుకు నాలుగుసార్లు టీ తాగుతారు, ప్రతి కప్పులో ఒక సుక్రలోజ్ ప్యాకెట్. నా మెసేజ్ చూసిన రోజే ఆ పెట్టె చెత్తబుట్టలో వేసి, కోడలితో ఇండియన్ స్టోర్ నుంచి బెల్లం తెప్పించుకున్నారట. బెల్లం ఆవిడకు పరాయి సరుకు కాదు. వాళ్ల నాన్నగారు చెరకు వేసి బెల్లం వండించిన మనిషి. దేశంలో పేరున్న అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు బళ్ల మీద దిమ్మలు తోలడం ఆవిడ చిన్నప్పుడు చూశారు. కప్పుకు ఒక ముక్క చొప్పున నాలుగు నెలలు గడిచాయి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష ఉంది కదా, అది 7.2 నుంచి 8.9కి వెళ్లింది. కాలి వేళ్లలో మంటలు మొదలయ్యాయి. డాక్టరు మందు పెంచారు.

ఆరాధన అయ్యాక పార్కింగ్‌లో వాళ్లబ్బాయి నాకు ఈ సంగతి చెప్పాడు. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. నేను వెళ్లి క్షమించమని అడిగితే ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "నువ్వంత సదూకున్నోడివి బాబూ, నువ్వు పంపినావంటే నిజమే అవుద్దనుకున్నాను" అన్నారు.

ఆ రాత్రి మొదటిసారి ఆ మార్గదర్శకం పూర్తిగా చదివాను. అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఈ సూచన వర్తించదని అందులో స్పష్టంగా ఉంది. ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో దాచింది కాదు. మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది.

అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మిమ్మల్ని కూడా అడుగుతున్నాను. కంపెనీల మీద, ప్రభుత్వ నియమాల మీద, డబ్బా వెనక అక్షరాల మీద మనకున్న అపనమ్మకం పాపమా? లేక ఆ అపనమ్మకాన్ని మనం వాడే తీరులో తప్పుందా?

అపనమ్మకమే తప్పని మీతో చెప్పలేను. దానికి కారణాలు బలంగా ఉన్నాయి. 1960లలో అమెరికా చక్కెర పరిశ్రమకు చెందిన షుగర్ రీసెర్చ్ ఫౌండేషన్ హార్వర్డ్ పరిశోధకులకు డబ్బు ఇచ్చి ఒక సమీక్షా వ్యాసం రాయించుకుంది. గుండె జబ్బుల విషయంలో చక్కెర మీద ఉన్న అనుమానాన్ని తగ్గించి కొవ్వు వైపు చూపించిన ఆ వ్యాసం 1967లో ఒక గొప్ప వైద్య పత్రికలో వచ్చింది. డబ్బు ఎవరిచ్చారో అందులో రాయలేదు. పాత ఉత్తరాలు బయటపడి, ఈ సంగతి లోకానికి తెలిసింది 2016లో. ఇచ్చిన మొత్తం అప్పటి లెక్కలో 6,500 డాలర్లు. యాభై ఏళ్ల పాటు జనం ఏం తినాలో చెప్పిన మాటల్లో ఆ డబ్బు పాలు ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పడం కష్టం.

ఇక కార్న్ సిరప్ సంగతి. మన ఇళ్లలో దీన్ని విషం అన్నట్టే మాట్లాడుకుంటాం. మొక్కజొన్న పిండి నుంచి ఎంజైముల సాయంతో తీసే పాకం ఇది. ఎక్కువగా వాడే రెండు రకాల్లో ఫ్రక్టోజ్ 42 శాతం, 55 శాతం. మిగతాది చాలావరకు గ్లూకోజ్. మామూలు పంచదారలో రెండూ సగం సగం. తేనెలో ఉన్నది కూడా ప్రధానంగా ఈ రెండే. దిగుమతి పరిమితుల వల్ల అమెరికాలో చక్కెర ధర ఎక్కువ, మొక్కజొన్న చవక. అందుకే రెండు పెద్ద కోలా కంపెనీలూ 1984 నాటికి ఈ పాకానికి మారిపోయాయి. మా కుర్రాళ్లు పుట్టినరోజు పార్టీలకు మెక్సికో నుంచి వచ్చే గాజు సీసాల కోలా తెచ్చి, ఇందులో అసలైన చెరకు చక్కెర అని గర్వంగా చెబుతారు. ఒక మామూలు 355 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో 39 గ్రాముల చక్కెర ఉంటుంది. గాజు సీసాలోనూ దాదాపు అంతే ఉంటుంది. చెరకుదైనా మొక్కజొన్నదైనా మన ఒంటికి పెద్ద తేడా తెలియదు. ఎంత తాగామన్నదే దానికి తెలుస్తుంది.

అయితే జనం అనుమానాన్ని పెంచింది ఆ పరిశ్రమే. అమ్మకాలు తగ్గుతుంటే 2010లో మొక్కజొన్న శుద్ధి కంపెనీల సంఘం ఆ పేరు మార్చి "కార్న్ షుగర్" అని రాసుకునే అనుమతి ఇవ్వమని ఎఫ్‌డీఏను అడిగింది. 2012లో ఎఫ్‌డీఏ కుదరదంది. చెప్పిన కారణాల్లో ఒకటి నన్ను ఆలోచింపజేసింది. పుట్టుకతోనే ఫ్రక్టోజ్ పడనివారు కొందరుంటారు. కార్న్ షుగర్ అన్న పేరు అప్పటికే డెక్స్‌ట్రోజ్‌కు ఉంది, అది వాళ్లు తినగలిగే పదార్థం. అదే పేరు ఫ్రక్టోజ్ ఉన్న పాకానికి పెడితే, నమ్మి కొనుక్కున్నవారి ప్రాణానికి ముప్పు. కంపెనీకి అది ప్రచారానికి పనికొచ్చే మాట మాత్రమే. ఆ కొద్దిమందికి మాత్రం వాళ్ల ప్రాణం ఆ మాట మీదే ఆధారపడి ఉంది.

అబద్ధం చెప్పకుండానే మోసం చేయడం కూడా లేబుల్ మీద కుదురుతుంది. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. చక్కెరను పంచదార, కార్న్ సిరప్, తేనె, డెక్స్‌ట్రోజ్ అని నాలుగుగా విడగొడితే ఏదీ మొదటి స్థానంలోకి రాదు. ఒక సర్వింగ్‌లో అర గ్రాము కన్నా తక్కువ చక్కెర ఉంటే సున్నా అని వేయవచ్చు. సర్వింగ్ సైజే అర గ్రాము కన్నా తక్కువ పెట్టుకుంటే, దాదాపు మొత్తం చక్కెరే అయిన బిళ్ల కూడా సున్నా గ్రాములే చూపిస్తుంది. "న్యాచురల్" అన్న మాటకు ఎఫ్‌డీఏ ఇంతవరకు నియమాల్లో నిర్వచనం రాయలేదు. 2015లో ప్రజల అభిప్రాయాలు అడిగింది, అక్కడే ఆగింది. ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. 1958 చట్టంలో ఉప్పు, వెనిగర్ లాంటి పాత పదార్థాల కోసం "సాధారణంగా సురక్షితమని గుర్తించినవి" అని ఒక మినహాయింపు పెట్టారు. ఆ మినహాయింపు కింద కొత్త పదార్థాన్ని కూడా కంపెనీ తన నిపుణులతో తానే సురక్షితమని తేల్చుకుని, ఎఫ్‌డీఏకు చెప్పకుండానే వాడే వీలుంది. నా కోడ్‌ను నేనే రివ్యూ చేసుకుని నేనే విడుదల చేస్తానంటే మా మేనేజర్ ఒప్పుకోడు.

మన దేశం సంగతి చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం వారు 2020 డిసెంబర్‌లో తేనె నమూనాల పరీక్షల ఫలితాలు బయటపెట్టారు. 22 నమూనాల్లో అన్ని పరీక్షలూ నెగ్గినవి 5. మిగతా వాటిలో చక్కెర పాకం కల్తీ. మామూలు పరీక్షలకు దొరకకుండా తయారుచేసిన పాకం అది. బెల్లం విషయం ఆంటీయే చెప్పారు. లేత పసుపు రంగు బెల్లానికి గిరాకీ ఎక్కువని పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారట. "నల్ల బెల్లం సూడ్డానికి బాగోదు గానీ అదే మంచిది, మా నాయన ఇంటికి అదే ఉంచీవోడు" అన్నారు. నా మెసేజ్‌లో "సహజమైనవి" అని నేను గొప్పగా రాసిన మాట వెనక ఇంత కథ ఉంది. పైగా, రసాయనం కలిపినా కలపకపోయినా బెల్లంలో అధిక భాగం సుక్రోజే.

కాబట్టి అనుమానించడం తప్పు కాదు. త్రాసు సరిగ్గా ఉండాలని, కొలపాత్ర చిన్నది చేయకూడదని ధర్మశాస్త్రమూ ప్రవక్తలూ అంత గట్టిగా చెప్పడానికి కారణం, సంతలో కొనేవాడు తన కళ్లతో అన్నీ చూడలేకపోవడమే. ఆమోసు తిట్టిన వ్యాపారి గోధుమలతో పాటు చెత్త కూడా అమ్మేవాడు. నేటి లేబుల్ కూడా ఒక త్రాసు.

నియమాలు ఎలా పుట్టాయో చదువుతుంటే మాత్రం నా ధోరణి కొంచెం మారింది. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫా మందును పిల్లలు సులువుగా తాగాలని తియ్యటి ద్రవంలో కరిగించి, రాస్‌బెర్రీ రుచి చేర్చి అమ్మింది. ఆ తియ్యటి ద్రవం డైఇథిలీన్ గ్లైకాల్. విషం. వంద మందికి పైగా చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. అమ్మే ముందు పరీక్షించాలన్న చట్టం అప్పటికి లేదు. ప్రభుత్వం ఆ సీసాలను పట్టుకోగలిగింది ఒకే ఒక్క కారణంతో. లేబుల్ మీద "ఎలిక్సిర్" అని ఉంది, ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. పిల్లలు చనిపోయినందుకు కాదు, పేరు తప్పు రాసినందుకు! మరుసటి ఏడాది, 1938లో, కొత్త చట్టం వచ్చింది. మనం విసుక్కునే నియమాల్లో కొన్ని ఇలాంటి సమాధుల మీద నిలబడి ఉన్నాయి.

"వాళ్లు రోజుకో మాట చెబుతారు" అని కూడా అంటుంటాం. శాకరిన్ చూడండి. 1879లో కనుగొన్నారు. ఎలుకల్లో మూత్రాశయ క్యాన్సర్ కనిపించిందని 1977లో ఎఫ్‌డీఏ నిషేధించబోయింది. అప్పుడు జనం నిషేధం కోసం కాదు, శాకరిన్ కోసం పోరాడారు. సైక్లమేట్‌ను 1969లోనే తీసేశారు, షుగర్ ఉన్నవారికి మిగిలింది శాకరిన్ ఒక్కటే. అమెరికా కాంగ్రెస్ సభ్యులు నిషేధం ఆపి, హెచ్చరిక లేబుల్ మాత్రం వేయించారు. ఎలుకల్లో జరిగింది మనుషుల్లో జరిగే తీరు కాదని తేలాక 2000లో ఆ హెచ్చరిక తీసేశారు. దీన్ని మాట మార్చడం అందామా, దిద్దుకోవడం అందామా? నేను పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. టెస్ట్ పాసైందంటే తప్పుల్లేవని అర్థం కాదు. మేము వెతికిన చోట, వెతికిన రకం తప్పు కనిపించలేదని అర్థం. కొత్త తప్పు దొరికితే నిన్నటి రిపోర్టు అబద్ధమైపోదు. ఈ మాట క్లయింట్లకు వందసార్లు వివరించిన నేనే, ఆహారం దగ్గరికి వచ్చేసరికి "ఖచ్చితంగా సురక్షితమని రాసిస్తారా" అని అడిగాను.

2023 జూలైలో ఆస్పర్టేమ్ విషయంలోనూ ఇదే గందరగోళం. క్యాన్సర్ కారకాలను పరిశీలించే ఐఏఆర్‌సీ దాన్ని "బహుశా కారకం కావచ్చు" అన్న వర్గంలో పెట్టింది. అదే రోజు ఆహార సంకలితాలను చూసే ఇంకో నిపుణుల సంఘం, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల పరిమితి మార్చనక్కర్లేదంది. ఒకరు ఆ పదార్థానికి హాని చేసే గుణం ఉండవచ్చా అని చూస్తారు, ఇంకొకరు మనం తీసుకునే మోతాదులో ఆ హాని జరుగుతుందా అని చూస్తారు. 70 కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే రోజుకు 9 నుంచి 14 డైట్ కోలా డబ్బాలు తాగాలని లెక్క కూడా ఇచ్చారు. మనకు చేరిన ఫార్వర్డుల్లో మొదటి సగమే ఉంది. నేను మేలో చేసిన పని, జూలైలో ఇంకెవరో చేశారు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. కంపెనీ సగం నిజం రాస్తే దాన్ని మోసం అంటాం. మనం సగం నిజం పంపితే దాన్ని జాగ్రత్త అంటాం. చక్కెర పరిశ్రమ తనకు నచ్చిన ఫలితాలు ఏరుకుంది. నేనూ నాకు నచ్చిన హెడ్డింగ్ ఏరుకున్నాను. వాళ్లు డబ్బు కోసం చేశారు, నేను ఊరికే, నా మాట నిజమైందన్న సంతోషం కోసం చేశాను. లేని వార్త పుట్టించకూడదని, పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం చెప్పకూడదని మనకు తెలుసు. నేను అబద్ధం చెప్పాను అనుకోలేదు, ఎందుకంటే లింకు నిజమైనదే. పొరుగువాడంటే ఆ కంపెనీ అని కూడా అనుకోలేదు. నిజానికి అక్కడ నా పొరుగు మనిషి, ఫోన్ చేతిలో పట్టుకుని కళ్లజోడు సర్దుకుంటున్న ఆంటీ.

మీరు అడగవచ్చు: అలాగైతే ఎవరూ ఏదీ చెప్పకూడదా, అందరూ డాక్టరేట్లు చేయాలా? అలా అనడం లేదు. చెప్పకుండా ఉండడం కూడా కొన్నిసార్లు తప్పే. 2023లోనే దాల్చినచెక్క కలిపిన ఆపిల్ సాస్ పౌచ్‌లలో సీసం ఉందని ఎఫ్‌డీఏ హెచ్చరించినప్పుడు, మా గ్రూపులో ఒక అక్క అసలు ప్రకటన లింకుతో, ఏ రకం పౌచ్‌లో స్పష్టంగా రాసి పంపారు. ఇద్దరు తల్లులు ఇంట్లో చూసుకుని పారేశారు. ఆ అక్క కూడా నాలాగే మెసేజ్ పంపారు. కానీ చదివి పంపారు. ఎవరికి వర్తిస్తుందో రాశారు. తనవి కాని మాటలు కలపలేదు.

కొరింథు సంఘానికి పౌలు కటికవాని అంగడిలో అమ్మేది మనస్సాక్షి కోసం విచారణ చేయకుండా తినమని రాశాడు కదా, మరి లేబుల్ చదవడం ఎందుకని మా యూత్‌లో ఒకబ్బాయి అడిగాడు. తెలివైన ప్రశ్న. పౌలు మాట్లాడింది విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి, సీసం గురించి కాదు. అయినా అదే చోట ఆయన, నాకున్న స్వేచ్ఛ పక్కవాడికి ఏం చేస్తుందో కూడా చూడమన్నాడు. నాకు షుగర్ లేదు. బెల్లం టీ నేను తాగితే ఏమీ కాదు. నా నాలుకకు సరిపోయిన సలహా ఇంకొకరి కాళ్లలో మంటలు పెట్టింది.

సవరణ పంపాను. పూర్తి సంగతి, మధుమేహం ఉన్నవారికి మినహాయింపు, నా తప్పు, అన్నీ రాశాను. ముగ్గురు స్పందించారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరికితే ప్యాచ్ పంపుతాం, అది ప్రతి మెషీన్‌కూ చేరుతుంది. ఆ మెసేజ్ మాత్రం ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఫోన్లలో ఇంకా తిరుగుతోందో నాకు తెలియదు. మీకు వచ్చి ఉంటే, ఇదే దాని సవరణ.

కిందటి శనివారం ఆంటీని ఇండియన్ స్టోర్‌కు తీసుకెళ్లాను. "షుగర్ ఫ్రీ" అని ముందు పెద్దగా రాసిన బిస్కెట్ల డబ్బా నా చేతికిచ్చి చదవమన్నారు. వెనక్కి తిప్పాను. సర్వింగ్ రెండు బిస్కెట్లు. మొదటి పదార్థం మైదా. తర్వాత మాల్టిటాల్, పామాయిల్. చక్కెర సున్నా, కార్బోహైడ్రేట్లు 18 గ్రాములు. మైదా కూడా రక్తంలో చక్కెరే అవుతుందని, మాల్టిటాల్ కూడా షుగర్ కొంత పెంచుతుందని చెప్పాను.

"అయితే తినొచ్చా, తినకూడదా బాబూ?"

ఒకటా రెండా అన్నది ఆవిడ మందులను బట్టి ఉంటుంది, అది నాకు తెలియదన్నాను. వాళ్లబ్బాయి డబ్బా వెనక భాగం ఫోటో తీసి డాక్టరు గారికి పంపాడు. జవాబు ఇంకా రాలేదు. డబ్బా మూత తీయకుండా వాళ్ల టీ డబ్బాల పక్కనే ఉంది.